రూమ్ హీటరుకు చిన్న సాకెట్ సరిపోతుందా?

ఎంవీపీ కాలనీ వాసి:
మా అమ్మాయి పురిటికి వచ్చింది. పసిబిడ్డకు స్నానమయ్యాక కాసేపు గది వెచ్చగా ఉండాలని 2000 వాట్ల రూమ్ హీటరు కొన్నాము. దాని ప్లగ్గుకు లావు పిన్నులున్నాయి. ఆ గదిలో పెద్ద సాకెట్ ఏసీ కోసం గోడ పైభాగాన ఒక్కటే ఉంది. దుకాణంలో ఒక కన్వర్షన్ ప్లగ్గు ఇచ్చి, దీనితో ఎక్కడైనా పెట్టుకోవచ్చునన్నారు. అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

విశ్రాంత ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్, గాజువాక:
ఆ కన్వర్షన్ ప్లగ్గును పక్కన పెట్టేయండి. 2000 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే సుమారు 8.7 ఆంపియర్లు వస్తుంది, మీ చిన్న సాకెట్ 6 ఆంపియర్లకు మాత్రమే తయారైనది. లావు పిన్ను చిన్న రంధ్రంలో దూరకపోవడమే ఒక రక్షణ కాగా, కన్వర్షన్ ప్లగ్గు చేసే పనల్లా ఆ రక్షణను తొలగించడమే. మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సుకూ ఇదే వర్తిస్తుంది. దాని తీగను చుట్టగా ఉంచి వాడితే వేడి బయటకు పోయే దారి కూడా ఉండదు.

పెదవాల్తేరు నుంచి:
పెద్ద సాకెట్ ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదని మా గీజరు నేర్పింది. ప్లగ్గు పిన్ను ఒకటి నల్లబడి, సాకెట్ రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగింది. విప్పి చూస్తే ఇత్తడి పట్టీ మీద పచ్చని చిలుము, న్యూట్రల్ స్క్రూ వదులు. సముద్రపు గాలి తగిలే ఇళ్లలో ఇది మామూలేనని ఎలక్ట్రీషియన్ అన్నారు. అంత కాలినా ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే తనంతట తాను ఆగిపోయే స్విచ్చి) ఎందుకు ట్రిప్ కాలేదో మాకు అర్థం కాలేదు.

విశ్రాంత ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్, గాజువాక:
ఎంసీబీ చూసేది కరెంటు ఎంత పోతోందన్నదే. వదులైన జాయింటులో కరెంటు పెరగదు, ఆ ఒక్క చోట వేడి మాత్రమే పెరుగుతుంది. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చి) షాక్ తగిలిన మనిషిని కాపాడటానికే తప్ప దీనిని పసిగట్టలేదు. అందువల్ల హీటరు వేసిన పావుగంటకు స్విచ్చి ఆపి, ప్లగ్గును చేత్తో తాకి చూడండి. గోరువెచ్చదనం ఫరవాలేదు, చెయ్యి వెనక్కి తీసుకోవలసి వస్తే ఆ సాకెట్ మార్పించవలసిందే.

మధురవాడ నుంచి:
హీటరు నాబ్‌ను 1000 వాట్లకు తిప్పి చిన్న సాకెట్‌లో వాడితే 4.3 ఆంపియర్లే కదా?

విశ్రాంత ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్, గాజువాక:
లెక్క సరైనదే. కరెంటు సగమైతే తీగలో పుట్టే వేడి నాలుగో వంతుకు తగ్గుతుంది కూడా. అయితే ఇంట్లో ఎవరో ఒకరు చలిగా ఉందని నాబ్ తిప్పకుండా ఉండరు. ఏసీకి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల తీగ, సొంత ఎంసీబీ ఉంటే, ఆ లైను నుంచి కిందికి 16 ఆంపియర్ల సాకెట్ ఒకటి దింపించుకుని, రెండూ ఒకేసారి వేయకుండా వాడుకోవడం మేలు. ఇన్వర్టరు లైనుకు మాత్రం హీటరు తగిలించకండి.

ఎంవీపీ కాలనీ వాసి:
ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాము. తీగ మందం సరిపోయింది కానీ, ఏసీ సాకెట్‌లో ఎర్త్ తీగ కలపనే లేదట. ఆ పని రేపు చేస్తానన్నారు.

విశ్రాంత ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్, గాజువాక:
ఎర్త్ కలిపేవరకు హీటరు వేయకండి. అంతవరకు కిటికీలు దగ్గరగా వేస్తే మన ఊరి చలికి అదే ఎక్కువ. పెద్దవాళ్లు చెప్పారని మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం పెట్టకండి.