ఆపేసిన కారులోంచి వచ్చే చప్పుళ్లు: ఏవి మామూలు, ఏవి కావు

ప్రశ్న: అందరికీ నమస్కారం. ఈ దేశానికి కొత్తగా వచ్చాను, సెకండ్‌హ్యాండ్ పెట్రోల్ కారు తీసుకున్నాను. ఇంజన్ ఆపాక కింద టిక్ టిక్‌మంటోంది, ఒక్కోసారి ముందు ఫ్యాను తిరుగుతోంది. అర్ధరాత్రి వెనకవైపు ఏదో మోటారు మోగుతోంది. మెకానిక్‌కి చూపించాలా?

జవాబు: కంగారు పడకు తమ్ముడూ. ఇంజన్ ఆపిన ఎంతసేపటికి మొదలైంది, ఎంతసేపు ఉంది, ముందా వెనకా, ఈ మూడూ రాసి పెట్టుకో. సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

టిక్ టిక్ అనేది సైలెన్సర్ గొట్టం, క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులు తగ్గించే డబ్బా), వాటిమీది హీట్ షీల్డు రేకులు చల్లారే చప్పుడు. బండి నడిచేటప్పుడు కన్వర్టర్ 400 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆపగానే ఒక్కో లోహం ఒక్కో వేగంతో కుంచించుకుపోతూ బిగింపుల దగ్గర జారుతుంది. మొదట గబగబా వచ్చి, నెమ్మదించి, అరగంట అటూ ఇటూగా ఆగిపోతే మామూలే. బండి నడుస్తున్నప్పుడు కూడా రేకు గలగలమంటే బోల్టు తుప్పు పట్టి వదులైనట్టు.

అర్ధరాత్రి మోటారు ఎక్కువగా పెట్రోల్ ట్యాంకు ఆవిరి లీకు పరీక్షే. ట్యాంకు దగ్గరున్న చిన్న పంపు లోపలి ఒత్తిడి మార్చి, అది నిలుస్తోందో లేదో చూస్తుంది. చాలా టయోటా కార్లలో ఇంజన్ ఆపిన సుమారు 5 గంటలకు ఇది కొన్ని నిమిషాలు నడుస్తుంది. సాయంత్రం 7కి ఆపావంటే సరిగ్గా అర్ధరాత్రికే! లీకు ఉంటే చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. అప్పుడు ముందు పెట్రోల్ మూత క్లిక్‌మనేదాకా తిప్పి చూడు. లైటు వెంటనే ఆరదు, కొన్ని రోజులు నడపాలి.

జవాబు: అన్నగారు చెప్పినదానికి ఫ్యాను సంగతి కలుపుతానండీ. వేడి దిగడానికి అది కొన్ని నిమిషాలు తిరగడం సహజం. ఇరవై నిమిషాలు దాటినా ఆగకపోతే రిలే, అంటే ఫ్యానుకి కరెంటు కలిపి తెంచే స్విచ్, అతుక్కుపోయి ఉండొచ్చు. ఫ్యూజు పెట్టెలో అదే నంబరున్న ఇంకో రిలే ఉంటే, దాన్ని మార్చి పెట్టి చూడండి. బానెట్ తెరిచినా చేతులు ఫ్యాను దగ్గర పెట్టొద్దు, తాళం తీసేసినా అది దానంతటదే తిరుగుతుంది.

బుడబుడమని వినిపిస్తే మాత్రం వదిలేయకండి. ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, తగ్గిందో, లోపల గాలి చేరిందో, రేడియేటర్ మూత ఒత్తిడి పట్టడం లేదో. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత ఎంతమాత్రం తీయకూడదు. ఒత్తిడిలో ఉన్న ద్రవం 100 డిగ్రీలు దాటి వేడెక్కి ఉంటుంది, మూత తీసిన క్షణంలో ఒంటిమీదికి చిమ్ముతుంది. పూర్తిగా చల్లారాక కూలెంట్ డబ్బా మీద మిన్, మ్యాక్స్ గీతల మధ్య ఉందో లేదో చూడండి. రంగు చూసి కొనొద్దు, మాన్యువల్‌లో రాసిన రకమే పోయండి. పోసినా మళ్లీ తగ్గుతుంటే లీకు ఉన్నట్టే. కారులో తియ్యటి వాసన, ముందద్దం లోపలివైపు జిగురు పొర కనిపిస్తే హీటర్ కోర్ (కారులోకి వేడిగాలి ఇచ్చే చిన్న రేడియేటర్) కారుతోంది.

జవాబు: డ్యాష్‌బోర్డు వెనక టకటకలాడితే ఏసీ గాలి దారి మార్చే చిన్న మోటారులో ప్లాస్టిక్ పళ్లు విరిగి ఉంటాయి. ప్రమాదం లేదు, తీరిగ్గా మార్పించుకోవచ్చు.

పొద్దున్నే బండి స్టార్టు కాకపోతే, రాత్రి చప్పుడు చేసినదే బ్యాటరీని తాగేస్తోందేమో కొలవాలి. నిండు బ్యాటరీ 12.6 వోల్టులు, 12.2 అంటే సగమే. మల్టీమీటర్ (వోల్టులు, కరెంటు కొలిచే మీటరు) తీగను దాని 10 ఆంపుల సాకెట్‌లో పెట్టి, విప్పిన నెగటివ్ కేబులుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య కలపండి. తలుపులన్నీ మూసి గంటసేపు ఆగండి, కారులోని కంప్యూటర్లు నిద్రపోవాలి. 50 మిల్లీఆంపుల లోపుంటే సరే. ఎక్కువుంటే ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ, ఏది తీస్తే పడిపోతుందో చూడండి. మీటరు కలిపి ఉండగా ఇగ్నిషన్ వేస్తే మీటరు ఫ్యూజు పోతుంది. కేబుల్ విప్పేముందు రేడియో కోడు దగ్గరుంచుకోండి, కొన్ని కార్లు అడుగుతాయి.

పెట్రోల్ వాసన కూడా వస్తుంటే ఇవేవీ చేయొద్దు. స్టార్టు చేయకుండా, మూసిన గ్యారేజీలో ఉంటే తలుపు తెరిచి, మెకానిక్‌నే బండి దగ్గరికి పిలిపించండి.