ఫ్లాట్ ఇంటీరియర్‌కి డిజైన్ ఫీజు ఎంత వేయాలి? అర్జెంట్, దయచేసి చెప్పండి

రంగులరాట్నం (రాత్రి 12:40)
సాయంత్రం ఎనిమిది నుంచి ఎక్సెల్ ముందేసుకుని కూర్చున్నాను. తిండి కూడా సరిగ్గా తినలేదు. సొంతంగా చేస్తున్న మొదటి పని ఇది. క్లయింట్‌కి నా పోర్ట్‌ఫోలియో బాగా నచ్చింది, రేపు పొద్దున పదింటికల్లా కొటేషన్ పంపమన్నారు. మామూలు త్రీ బీహెచ్‌కేనే. నెట్‌లో ఒకరు అడుగుకి ఇంత అంటారు, ఇంకొకరు మొత్తం ఖర్చులో ఇంత శాతం అంటారు. ఒకటి రాస్తే మరీ తక్కువగా ఉంది, ఇంకోటి రాస్తే ఆయన పారిపోతారేమోనని భయం. ఆరుసార్లు రాసి ఆరుసార్లు చెరిపేశాను. అనుభవం ఉన్నవాళ్లు ఒక్క అంకె చెప్పండి చాలు. ప్లీజ్.

టేపు కొలత
ఎన్ని అడుగులు? ఏ ఊరు? డిజైన్ ఒక్కటేనా, పని కూడా చేయిస్తారా?

రంగులరాట్నం
సారీ అండి, చెప్పలేదు కదూ. 1,650 ఎస్‌ఎఫ్‌టీ. హైదరాబాద్, నిజాంపేట వైపు. డిజైన్ నాది, కార్పెంటర్‌ని వాళ్లే చూసుకుంటారట.

టేపు కొలత
1,650 కార్పెట్టా, సూపర్ బిల్టప్పా?

రంగులరాట్నం
బిల్డర్ బ్రోచర్‌లో అలా ఉంది.

టేపు కొలత
అయితే సూపర్ బిల్టప్. అందులో లిఫ్టు, మెట్ల వాటా కూడా కలిపి ఉంటుంది, వాటికి డిజైన్ చేయరు కదా. కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల వాడుకునే నేల ఎంతో కనుక్కోండి.

టేకు దూలం
అమ్మా, ఫీజు సంగతి తర్వాత. ముందు ఏ ప్లై (ప్లైవుడ్) వాడతారో కొటేషన్‌లో రాశారా? మా నాన్న వడ్రంగి, నేను ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. ఈ రోజుల్లో డిజైనర్లు తెర మీద రంగులు చూపిస్తారు, లోపల చెక్కేమిటో రాయరు. సింకు కింద వేసేది ఐఎస్ 710 (నీళ్లకు ఓర్చే ప్లైవుడ్‌కి భారత ప్రమాణం) ముద్ర ఉన్నదే కావాలి. దాన్ని 72 గంటలు నీళ్లలో మరిగించి పరీక్షిస్తారు. ఐఎస్ 303లో ఎంఆర్ గ్రేడ్ ఉంటుంది, అది తేమకు ఓర్చుకుంటుందే కానీ నీళ్లకు కాదు. షాపువాడు రెండింటినీ వాటర్‌ప్రూఫ్ అనే చెబుతాడు. షీటు మీద ముద్ర చూడాలి, ఫోటో తీసి పెట్టుకోవాలి. ఇంకో మాట. డోర్‌కి బయట 1 ఎంఎం మైకా (పైన అతికించే పల్చటి షీటు) వేసి లోపల వట్టిగా వదిలేస్తే ఆరు నెలల్లో వంగుతుంది. లోపల కూడా మైకా వేయాల్సిందే. రెండు వైపులా సమానంగా లాగితేనే చెక్క నిటారుగా నిలుస్తుంది. ఇది డ్రాయింగ్‌లో రాయని డిజైనర్‌కి ఫీజు ఎందుకివ్వాలో నాకు అర్థం కాదు.

మూడో అంతస్తు
టేకు దూలం గారూ, మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. కానీ ఆ అమ్మాయి పొద్దున పదికి పంపాలి.

రంగులరాట్నం చెల్లీ, అడుగు లెక్క పక్కన పెట్టి రోజుల లెక్క వేయి. నేను నా మొదటి మూడు ఇళ్లకు ఎవరో చెప్పిన అడుగు రేటు పెట్టి చేతినుంచి డబ్బు పోగొట్టుకున్నాను, అందుకే చెబుతున్నా. కాగితం మీద రాసుకో: కొలతలకి 1 రోజు, లేఅవుట్‌కి 4, త్రీడీకి 8, కార్పెంటర్ చూసి పని చేసే వర్కింగ్ డ్రాయింగ్స్‌కి 6, మైకా, టైల్స్, లైట్ల షాపులకి 3. సైట్ విజిట్‌లు పది, ఒక్కొక్కటి సగం పూట అనుకుంటే 5. మొత్తం 27 రోజులు. ఇప్పుడు నీకు జీతం 30 వేలు అనుకుందాం. 25 పని దినాలకి రోజుకి 1,200 పడింది. సొంతంగా చేసేటప్పుడు ల్యాప్‌టాప్, సాఫ్ట్‌వేర్, పెట్రోలు అన్నీ నీవే, పని లేని నెలలూ నీవే. అందుకని రెండింతలు, రోజుకి 2,400. 27 రోజులకి 64,800. ఈ అంకె వచ్చాక అడుగులతో భాగించి చూసుకో. 1,650 మీద అడుగుకి దాదాపు 39 పడుతుంది. అదే కార్పెట్ ఏరియా 1,150 అయితే 56. క్లయింట్‌కి ఏ అంకె చెప్పినా నీ దగ్గర మాత్రం రోజుల లెక్క ఉండాలి. ఇందులో నీ జీతం, నీ చేతి వేగం పెట్టి మార్చుకో.

రివిజన్లు రెండే అని రాయి. మూడోదానికి విడిగా ఫీజు. లేఅవుట్ మొదలుపెట్టే ముందే అడ్వాన్స్ తీసుకో. త్రీడీ చూపించాక డబ్బులడిగితే ఫోన్ ఎత్తరు, నాకు రెండుసార్లు జరిగింది.

ఇంకో సంగతి. చెక్కపనిని కార్పెంటర్ ఫ్లోర్ ఏరియా మీద లెక్కేయడు, ఎదురుగా కనిపించే కొలత మీద వేస్తాడు. 7 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు వార్డ్‌రోబ్ అంటే 56 చదరపు అడుగులు. క్లయింట్‌కి ఈ తేడా ముందే చెప్పకపోతే, నువ్వు ఒక లెక్క చెప్పావు వాడు ఇంకో లెక్క చెబుతున్నాడని మధ్యలో నీ మీదకే వస్తారు.

రంగులరాట్నం
అక్కా, ఇప్పటిదాకా ఇలా ఎవరూ చెప్పలేదు. రాసుకుంటున్నా. కొటేషన్ పైన 'ఇంటీరియర్ ఆర్కిటెక్ట్' అని పెట్టుకోవచ్చా? నాది ఇంటీరియర్ డిజైన్‌లో డిప్లొమా.

నిలువు గీత
పెట్టకండి. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవాళ్లే ఆ పేరు వాడాలి. అయిదేళ్లు చదివి రిజిస్టర్ చేసుకున్నవాళ్లం మేం. ఇంటీరియర్ డిజైనర్ అని రాసుకోండి, దానికి మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు.

కొండపల్లి బొమ్మ
చట్టం ఆపేది పేరునే, పనిని కాదు. 2020లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఆర్కిటెక్టులు కానివాళ్లకి డిజైన్ రాదన్నట్టు మాట్లాడకండి.

నిలువు గీత
నేను పేరు గురించే అన్నాను, పని గురించి ఒక్క మాట అనలేదు. నా వాక్యం మళ్లీ చదవండి. నా దృష్టిలో డెకరేటర్ వేరు, డిజైనర్ వేరు. కర్టెన్లు, కుషన్లు, రంగులు డెకరేషన్. గోడ ఎక్కడ తీయాలి, ప్లగ్ పాయింట్ ఎక్కడ రావాలి, మనిషి ఎటు నడుస్తాడు అన్నది డిజైన్.

కొండపల్లి బొమ్మ
ఆదాయపు పన్నువాళ్లకి ఆ తేడా లేదు. చిన్న ఆదాయం ఉన్న వృత్తులవాళ్లకి ఇచ్చిన సులువైన లెక్క పద్ధతిలో వచ్చే వృత్తుల్లో 'ఇంటీరియర్ డెకరేషన్' అనే ఉంది. ఆ పద్ధతిలోకి వెళితే వచ్చిన ఫీజులో సగం లాభంగా చూపితే చాలు, పెద్ద పద్దుల పుస్తకాలు అక్కర్లేదు. రంగులరాట్నం గారూ, ఇది మీకు పనికొస్తుంది. ఏడాదికి 20 లక్షలు దాటేవరకు మీ సేవకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు కాబట్టి బిల్లులో జీఎస్టీ వేయకండి.

టేకు దూలం
పేర్ల గొడవ వదిలేయండి. ఐఎస్ 710 రాశారా లేదా?

టేపు కొలత
రంగులరాట్నం గారూ, ఒక ప్రశ్న. మొదటి పని అన్నారు. మరి పోర్ట్‌ఫోలియోలో ఏం పెట్టారు?

రంగులరాట్నం
మా ఆఫీసులో చేసినవే అండి. మాడ్యులర్ కిచెన్ల కంపెనీలో రెండేళ్లుగా చేస్తున్నాను. ఆ త్రీడీలన్నీ నా చేత్తో చేసినవే. ఈ క్లయింట్ కూడా మొదట మా షోరూమ్‌కి వచ్చినాయనే. మా రేటు ఎక్కువని వెళ్లిపోయి, తర్వాత నాకు విడిగా ఫోన్ చేశారు. ఇంకా రిజైన్ చేయలేదు, ఈ పని ఓకే అయితే చేద్దామని.

టేపు కొలత
ఇది మొదటి పోస్టులోనే చెప్పాల్సింది.

మూడో అంతస్తు
చెల్లీ, కొటేషన్ ఆపు. ముందు నీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదువు. ఉద్యోగంలో ఉండగా బయట పని చేయకూడదని, కంపెనీ క్లయింట్లని తీసుకోకూడదని చాలా లెటర్లలో ఉంటుంది. అలా లేకపోయినా, షోరూమ్‌కి వచ్చిన మనిషిని ఉద్యోగంలో ఉంటూ తీసుకుంటే ఈ లైన్‌లో నీ పేరు పాడవుతుంది. హార్డ్‌వేర్ షాపులు, కార్పెంటర్లు, సేల్స్ వాళ్లు అందరూ ఒకరికొకరు తెలుసు. ఇలాంటి కబురు వారం రోజుల్లో పాకుతుంది.

నిలువు గీత
త్రీడీల సంగతి కూడా. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగంలో భాగంగా చేసిన దానికి వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు యజమానే. మీ చేత్తో చేసినా సరే. అడిగి పెట్టుకోండి. చాలామంది 'ఫలానా సంస్థలో పనిచేస్తూ చేసింది' అని రాస్తే ఒప్పుకుంటారు.

రంగులరాట్నం
అడిగితే వద్దంటే? ఇంక నా దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. రెండేళ్లు రాత్రింబవళ్లు చేసిన పని. ఏడుపొస్తోంది.

కాకరపువ్వొత్తి
అమ్మాయీ, నేను రాజమండ్రిలో ఉంటాను. పదకొండేళ్ల క్రితం నాకూ చూపించడానికి ఒక్క ఫోటో లేదు. అప్పుడు మా అమ్మ వంటగది మొత్తం టేపుతో కొలిచాను. గట్టు 34 అంగుళాలుంది. అమ్మ ఎత్తు 4 అడుగుల 10. చపాతీ ఒత్తేటప్పుడు భుజాలు చెవుల దాకా లేచేవి, సాయంత్రమైతే మెడ నొప్పి అనేది. ఇంట్లో ఎవరం దాన్ని గట్టుకి ముడిపెట్టలేదు. పొయ్యి పక్కన రెండున్నర అడుగుల మేర 31కి దించి గీశాను. బియ్యం డబ్బా కింద అరలోంచి పైకి తెచ్చాను, వంగక్కర్లేకుండా. తర్వాత మేస్త్రీతో ఆ ముక్క నిజంగానే మార్పించాను. ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది, ఏ కొలత ఎందుకు మార్చాను, అంతా రెండు కాగితాల మీద చేత్తో గీసినదే. త్రీడీ లేదు. నా మొదటి నలుగురు క్లయింట్లు ఆ రెండు కాగితాలు చూసి వచ్చినవాళ్లే. ఆడవాళ్లయితే గట్టు దగ్గర ఆగి 'మాదీ ఇంతే' అనేవారు.

నువ్వుండేది అద్దె ఇల్లయినా సరే, ఆ వంటగది కొలువు. నీ రెండేళ్లు ఎక్కడికీ పోలేదు, నీ చేతిలోనే ఉన్నాయి.

టేకు దూలం
31 అంగుళాలంటే కింద డిష్‌వాషర్ పట్టదు.

కాకరపువ్వొత్తి
మా అమ్మ దగ్గర డిష్‌వాషర్ లేదండి. దించింది ఆ రెండున్నర అడుగులే.

టేకు దూలం
అలాగైతే బానే ఉంది. గట్టు కింద ఏ ప్లై వాడారు?

రంగులరాట్నం (మరుసటి రోజు సాయంత్రం 6:15)
లెటర్‌లో ఉందండి, బయటి పనులు చేయకూడదని. క్లయింట్‌కి ఇప్పుడు చేయలేనని మెసేజ్ పెట్టాను. సోమవారం మా మేడంతో ఫోటోల గురించి మాట్లాడతాను. మా ఇంట్లో గట్టు 33న్నర. థాంక్సండి అందరికీ.

గడపపసుపు
కాకినాడలో కూడా రోజుకి 2,400 లెక్క నడుస్తుందా అక్కా? ఇక్కడ డిజైన్‌కి విడిగా డబ్బులంటే ఎవరూ ఒప్పుకోవడం లేదు.