మిద్దె మీద బెండ: ఆకు పసుపు, కాయ ముదురు, కూర జిగట

ప్రశ్న (హన్మకొండ):
అందరికీ నమస్తే. మిద్దె మీద ఆరు గ్రో బ్యాగులల్ల బెండ పెట్టిన. ఒక్కో బ్యాగు 15 అంగుళాల లోతు. మిరుగం దాటిన వారానికి గింజలు వేసిన, ఇప్పటికి 48 రోజులు. రెండు చెట్ల ఆకులు పసుపు తిరుగుతున్నయి. ఒక చెట్టు నడుమెత్తు పెరిగింది గాని పూత లేదు. కాసిన కాయల్ల సగం నారవట్టి కత్తికి తెగుతలేవు. లేతవి వండితేనేమో కూర జిగటజిగట. ఇంకొకటి, ఆకుల అడుగున గాజుపూసల్లాంటి సన్నటి చుక్కలున్నయి. పురుగు గుడ్లా అవి? ఏం మందు కొట్టాలె? ఫోటోలు పెట్టిన, జర చూడండి.

జవాబు (పరకాల):
మందు మాట తర్వాత అక్కా. ముందు పసుపు ఆకులో ఎక్కడుందో చూడాలె. ఒక ఆకును తెంపి ఎండకు ఎదురుగ పట్టండి. ఈనెలు పసుపుగ ఉండి వాటి నడుమ ఆకుపచ్చగ, వల అల్లినట్టు కనిపిస్తే అది పల్లాకు తెగులు. శంఖు రోగం అని కూడ అంటరు. ఈనెలు పచ్చగ ఉండి నడిమి భాగం పసుపైతే పోషక లోపం. ఆకు అంచులు పసుపై, పైకి దొప్పలెక్క ముడుచుకొని, తర్వాత ఎర్రబడి మాడితే పచ్చదోమ రసం పీలుస్తున్నట్టు. అన్నిటికన్న కింద ఉన్న ఒకటి రెండు ముసలి ఆకులే పసుపై రాలితే పట్టించుకోవద్దు.

మీ మొదటి ఫోటోల ఉన్నది పల్లాకు తెగులే. కొత్త చిగురు దాకా పసుపు ఎక్కింది, కాయ కూడ తెల్లగ పాలిపోయింది చూడండి. రెండో ఫోటోల ఉన్నది పచ్చదోమ. రెండిటికీ ఒకే మందు అనుకొని కొడితే మొదటిదాన్ల డబ్బులు దండుగ. అది వైరస్, సోకినంక నయం చేసే మందు లేదు, ఆ చెట్టును పీకెయ్యుడే. తెల్లదోమ ఒక చెట్టు రసం పీల్చి ఇంకో చెట్టు మీద వాలితే చాలు, అంటుకుంటది. గింజ నుంచి మాత్రం రాదు, కాబట్టి విత్తనం అమ్మినోళ్లను తిట్టి లాభం లేదు.

మన దిక్కు బెండకు ఈ గోస ఎందుకు ఎక్కువంటే, చుట్టూ పత్తి. పత్తీ బెండా ఒకే కుటుంబం మొక్కలు. తెల్లదోమ, పచ్చదోమ, పేనుబంక, కాయ తొలిచే మచ్చల పురుగు, అన్నీ రెండిటి మీదా బతుకుతయి. గోడ పక్కన తుత్తురు బెండ (అదే కుటుంబం కలుపు మొక్క) మొలిచి ఉంటే దాన్నీ పీకెయ్యండి.

జవాబు (జమ్మికుంట):
కాయలున్న చెట్టును పీకుడెందుకు? నాలుగు కాయలొచ్చేదాక ఉంచుకోవచ్చు గద.

జవాబు (పరకాల):
ఎకరం మడిల 60 రోజుల పంటకు సోకితే ఆ లెక్క వేరే, తెంపుకున్నన్ని తెంపుకుంటరు. ఇక్కడ ఉన్నది ఆరు బ్యాగులు, నడుమ రెండడుగుల దూరం. ఆ ఒక్క చెట్టు ఇచ్చే పది పాలిపోయిన కాయల కోసం మిగిలిన ఐదింటికి అంటించుడు తెలివి కాదు. 35 రోజుల లోపల సోకిన చెట్టయితే అసలు ఆలోచనే వద్దు, ఎదగదు.

రెండో చెట్టుకు వేపనూనె చాలు. సీసా మీద పి.పి.ఎం. అంకె, అంటే మందు ఎంత గాఢంగ ఉందో చెప్పే అంకె చూడండి, చాలామంది తప్పేది ఇక్కడనే. 1500 పి.పి.ఎం. అయితే లీటరు నీళ్లకు 5 మి.లీ., 10,000 పి.పి.ఎం. అయితే 1 మి.లీ. చాలు. నూనెను నేరుగ నీళ్లల్ల పోయొద్దు, పైన తేలి ఒక్క దగ్గరనే పడి ఆకును మాడుస్తది. ముందు చెంచాలో పావు వంతు గిన్నెలు తోమే సబ్బు ద్రవంతోని నూనెను గిలక్కొట్టి, పాలలెక్క తెల్లబడినంక నీళ్లల్ల కలపండి. పొద్దుగూకినంక, ఆకు అడుగు భాగం తడిసేటట్టు కొట్టాలె. దోమ ఉండేది అడుగుననే, పైన కొట్టి ఊకుంటే స్నానం చేయించినట్టయితది అంతే. వారానికొకసారి, మూడు వారాలు. కొట్టిన నాలుగైదు గంటలల్ల వాన పడితే మళ్ల కొట్టాలె. కొట్టేముందే అందిన కాయలు తెంపుకోండి.

పసుపు జిగురు అట్టలు కొనకున్నా నడుస్తది. పసుపు రంగు ప్లాస్టిక్ డబ్బా మూతకు ఆముదం పూసి, చెట్టు చిగురు ఎత్తుకు కట్టండి. వాన కడిగితే మళ్ల పూయాలె.

జవాబు (కాజీపేట):
గాజుపూసల గురించి ఎవరూ చెప్పలేదు. అవి గుడ్లు కావు. బెండ ఆకుల అడుగున, కాడల మీద ఆ మొక్కే ఊరించే బొట్లు అవి, ఆరోగ్యంగా ఉన్న చెట్టుకే ఎక్కువ కనిపిస్తయి. వేలితో రాస్తే ఊడి వస్తయి, కాళ్లుండవు, కదలవు. తెల్లదోమ గుడ్లు ఉత్త కంటికి ఆనవు. పేనుబంక అయితే చిగురు దగ్గర గుంపుగా, లేత పచ్చగా ఉండి, ఆకు బంకబంకగా మెరుస్తది. చీమలు బారులు కట్టినయంటే మాత్రం ఒకసారి చిగురు విప్పి చూసుకోవాలె.

పూత లేని చెట్టు సంగతి. ఆ బ్యాగుకు యూరియా వేసినరా? లేకుంటే పేడ ఎరువు ఎక్కువైందా? ఆకు ముదురు పచ్చగా, చెయ్యంత వెడల్పు, కణుపుకు కణుపుకు మధ్య దూరం ఎక్కువ ఉంది ఫోటోలో. నత్రజని మితిమీరితే బెండ ఇట్లనే ఆకు మీద పడుతది, మెత్తటి ఆకు కాబట్టి పచ్చదోమ కూడా అక్కడికే వస్తది. మామూలుగా 40 నుంచి 45 రోజులకు తొలి పువ్వు రావాలె. నెల రోజులు ఏ ఎరువూ పెట్టకండి. పిడికెడు కట్టెల బూడిద మొదలుకు అంగుళం దూరంగా చల్లి మన్ను కదపండి. ఇంకో మాట, ఆ బ్యాగు నీళ్ల ట్యాంకు నీడలో ఉన్నట్టుంది. బెండకు కనీసం ఆరు గంటల ఎండ పడాలె, జరపండి.

పువ్వును చేత్తో పరాగ సంపర్కం చేయాల్సిన పని లేదు. పొద్దున విచ్చుకుంటది, తనకు తానే కాయ కడుతది, సాయంత్రానికి ముడుచుకుంటది. మనకాడ మే నెలలో ఎండ 42 డిగ్రీలు దాటినప్పుడు మొగ్గ రాలుతది, దానికి మందు లేదు, మధ్యాహ్నం నీడపట్టా ఒక్కటే.

ఇగ ముదురు కాయలు. అది రోగం కాదు, తెంపుడు ఆలస్యం. పువ్వు విచ్చిన ఐదు, ఆరు రోజులకు కాయ మూడు నాలుగు అంగుళాలుంటది, అప్పుడే తెంపాలె. వానలు పడే రోజులల్ల కాయ రాత్రికి రాత్రి సాగుతది. ఆదివారం ఆదివారం తెంపుదామంటే బెండ ఒప్పుకోదు. రోజు విడిచి రోజు చెట్టు చుట్టూ తిరిగి, ఆకు పక్కకు జరిపి చూడాలె, కాయ కాండానికి ఆనుకొని ఉంటది కాబట్టి ఆకు చాటున దాక్కుంటది. కొన వంచితే టప్పున విరగాలె, వంగి ఊకుంటే ముదిరినట్టే. ముదిరిందని చెట్టు మీదనే వదిలేస్తే ఇంకా నష్టం, బలమంతా ఆ గింజలకు పోయి కొత్త పూత తగ్గుతది. తినకున్నా తెంపెయ్యండి.

చేతితో గుంజొద్దు, కాండం తోలు చీరుకొని వస్తది. కత్తెరతో అర అంగుళం కాడ ఉంచి కత్తిరించండి. నూగుకు చేతులు దురద పెడుతయి, పొడుగు చేతుల అంగీ వేసుకోవాలె.

ప్రశ్న (హన్మకొండ):
ట్యాంకు నీడ మాట నిజమే. పీకిన బ్యాగులో మళ్ల బెండనే పెట్టొచ్చా? ఇప్పుడు శ్రావణం, ఆలస్యం కాలేదా? పోయినసారి గింజలు సగమే మొలిచినయి.

జవాబు (కాజీపేట):
ఆగస్టులో పెడితే సెప్టెంబరు చివరి నుంచి నవంబరు దాకా కాయ తెంపుకోవచ్చు. నవంబరు సగం దాటితే మన దగ్గర రాత్రి చలికి చెట్టు మందగిస్తది, ఆకు మీద బూడిద తెగులు పడుతది. డిసెంబరులో పెట్టుడు దండుగ, చల్లటి మన్నులో గింజ మొలవక మురుగుతది. సంక్రాంతి దాటినంక ఫిబ్రవరి ఆఖరు లోపల పెట్టేది ఎండాకాలం పంట. ఆ కాలంలో నీళ్లు రోజూ కావాలె, ఎర్రనల్లి వస్తది.

సగం మొలవకపోవడానికి రెండు కారణాలు. గింజ పాతదై ఉండాలె, లేదా లోతుగా పాతి ఉండాలె. గోరంత లోతు, అంటే 2 సెంటీమీటర్లు, అంతకు మించొద్దు. మామూలు గింజయితే రాత్రంతా నీళ్లల్ల నానబెట్టి పొద్దున పెట్టండి, నాలుగు నుంచి ఆరు రోజుల్లో మొలుస్తది. గులాబీ రంగో, నీలం రంగో పూసిన గింజయితే మందు పట్టించినది. నానబెడితే ఆ మందు నీళ్లల్ల కలుస్తది, నేరుగా పెట్టండి, చేతులు కడుక్కోండి. గుంతకు మూడు గింజలు పెట్టి, మూడాకులు వచ్చినంక బలమైనది ఒకటి ఉంచి మిగిలినవి కత్తెరతో మొదలు దగ్గర కత్తిరించండి. పీకితే పక్కదాని వేరు కదులుతది. నారు పోసి మార్చి నాటుడు కూడా బెండకు పడదు, తల్లివేరు తెగితే కోలుకోదు.

15 అంగుళాల బ్యాగుకు ఒక్క చెట్టు మేలు, రెండు దాటొద్దు. మన్ను: చెల్క మన్ను రెండు పాళ్లు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరి పొట్టు అర పాలు, బ్యాగుకు గుప్పెడు వేపపిండి. ఉత్త నల్లరేగడి నింపితే వానకు బురదై వేరు ఊపిరాడక కుళ్లుతది. పాత చెట్టు పీకినప్పుడు వేరుకు బుడిపెలున్నయా చూడండి. ఉంటే అవి నులిపురుగులు, ఆ మన్నులో ఈసారి బంతి పెట్టండి, బెండ వద్దు.

రకమైతే అర్కా అనామిక, పర్భని క్రాంతి చూడండి, పల్లాకు తెగులును కొంత తట్టుకుంటయి. కొంత అన్నానే, పూర్తిగా కాదు. పూసా సవాని ఒకప్పుడు మంచి పేరున్న రకం, ఇప్పుడు దాని మీద ఈ తెగులు తొందరగా పడుతది.

జవాబు (నర్సంపేట):
కోతుల మాట మరిచిపోయిన్రు. లేత బెండ వాటికి చాక్లెట్. పైన వల కట్టకుంటే రకం ఏదైనా ఒకటే.

జవాబు (హుజూరాబాద్):
కూర జిగట గురించి నేను చెప్తా. ఆ జిగురు నీళ్లల్ల కరిగి సాగే పదార్థం. నీరు తగిలిన కొద్దీ సాగుతది, పులుపు తగిలితే విరుగుతది. ఈ రెండు ముక్కలు గుర్తుంటే చాలు.

కాయలు కోయకముందే కడగాలె. గుడ్డతో ఒక్కొక్కటి తుడిచి, గంట సేపు పళ్లెంలో ఆరనివ్వాలె. కత్తి, పీట, చెయ్యి, మూకుడు అన్నీ పొడిగా ఉండాలె. వేపుడుకు అర అంగుళం ముక్క. సన్నగా తరిగితే కోసిన అంచులు ఎక్కువై జిగురూ ఎక్కువే. అర కిలో ముక్కలకు నాలుగు పెద్ద చెంచాల నూనె, వెడల్పు మూకుడు. నూనె బాగా కాగినంక ముక్కలు వేసి మంట పెద్దగనే ఉంచండి. మూత పెట్టొద్దు, ఆవిరి దిగి నీరైతది. గంటెతో ఊకె కలపొద్దు, మూడు నిమిషాలకొకసారి మూకుడు పట్టుకొని ఎగరేస్తే చాలు. ఐదారు నిమిషాలకు దారాలు దారాలుగా సాగుతది, అక్కడ భయపడి నీళ్లు చల్లుతరు కొందరు, కొంప మునుగుతది. ఇంకో ఐదు నిమిషాలు ఆగితే ఆ దారాలు ఎండిపోయి ముక్క అంచు గోధుమ రంగుకొస్తది. అప్పుడు మంట తగ్గించి ఉల్లిగడ్డ, ఐదు నిమిషాలైనంక పసుపు, చెంచాడు కారంపొడి, నాలుగు దంచిన ఎల్లిగడ్డ పాయలు, అన్నిటికన్న ఆఖరుకు ఉప్పు. ఉప్పు ముందే వేస్తే ముక్కలో నీరు బయటికొచ్చి మళ్ల కథ మొదటికొస్తది. దించేముందు రెండు చెంచాల వేయించిన పల్లీల పొడి చల్లితే మిగిలిన తడి కూడా పీల్చుకుంటది.

పులుసైతే పావు కిలో కాయలకు నిమ్మకాయంత చింతపండు, అంటే 25 గ్రాములు. ముక్క అంగుళంన్నర పొడుగు. ముందు నూనెలో ఏడెనిమిది నిమిషాలు వేయించి పక్కన పెట్టాలె. అదే నూనెలో ఆవాలు, జీలకర్ర, చిటికెడు మెంతులు, ఎండు మిర్చి, కరివేపాకు, తర్వాత ఉల్లిగడ్డ. చింతపండు పులుసు పోసి, ఉప్పు, కారం, పసుపు వేసి, పచ్చి వాసన పోయేదాక పది నిమిషాలు మసలనివ్వాలె. అప్పుడే బెండ ముక్కలు. ఇంకో ఆరేడు నిమిషాలైనంక వేయించిన నువ్వుల పొడి రెండు చెంచాలు, మూడు నిమిషాలకు దించుడే. నువ్వులు ముందే వేస్తే అడుగంటుతది.

ప్రశ్న (హన్మకొండ):
ఇనుప మూకుట్ల చేస్తే పులుసు నల్లబడ్డది, అది దేనికి?

జవాబు (హుజూరాబాద్):
చింతపండు పులుపు ఇనుమును కరిగిస్తది, బెండలోని వగరు దానితో కలిసి నల్లబడుతది. తింటే ఏం కాదు, చూడ్డానికే బాగుండదు. వేపుడుకు ఇనుప మూకుడు, పులుసుకు స్టీలో మట్టి గిన్నెనో వాడండి. తెంపిన కాయ మిగిలితే తడి లేకుండా గుడ్డలో చుట్టి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి, రెండు మూడు రోజులు నిలుస్తది. పైన బాగా చల్లగా ఉండే చోట పెడితే నల్ల మచ్చలొచ్చి మెత్తబడుతది.

ప్రశ్న (హన్మకొండ):
సరే, రేపు ఆ మొదటి చెట్టు పీకుతా.

జవాబు (పరకాల):
పొద్దుగాల, ఎండ రాకముందు పీకండి. అప్పుడు తెల్లదోమ మందంగ ఉంటది, ఎగరదు. ముందు పెద్ద కవరు చెట్టు మీది నుంచి మెల్లగ దించి మూతి కాండం దగ్గర బిగించండి, తర్వాత పీకండి. ఉత్తగ గుంజి మిద్దె మీద పడేస్తే దోమంతా లేచి పక్క చెట్ల మీదనే వాలుతది.