బీటీ కొట్టినా పెద్ద పురుగులు మళ్లీ ఎందుకు తేరుకుంటున్నాయి?

మిర్చిమడి_గుంటూరు:
మిర్చిలో శనగపచ్చ పురుగుకు బీటీ (లద్దె పురుగులను చంపే బ్యాక్టీరియా మందు) కుర్‌స్టాకి రకం పొడి, లీటరుకు 2 గ్రాములు, ఎకరాకు 200 లీటర్ల ద్రావణం కొట్టాం. పిల్ల పురుగులు రెండ్రోజుల్లో నల్లబడి మెత్తగా వేలాడాయి. పెద్దవి మాత్రం తిండి మానేసి, మళ్లీ కాయలు తొలుస్తున్నాయి. మందు నకిలీదా? పేగులోనే ఏదైనా కాపుదల ఉందా?

పేగుగోడ:
నకిలీ కాదండీ, చిన్నవి చచ్చాయిగా. లద్దె పురుగుల పేగు బాగా క్షారంగా, పీహెచ్ 9 దాటి ఉంటుంది. అందులో బీటీ బ్యాక్టీరియా తయారుచేసే ప్రోటీన్ స్ఫటికం కరుగుతుంది, ప్రోటియేజులు (ప్రోటీన్లను కత్తిరించే ఎంజైములు) దాన్ని కత్తిరిస్తే అసలు విషం బయటపడుతుంది. అది గోడ కణాలకు రంధ్రాలు పెడుతుంది. నీరు లోపలికి చొచ్చి కణం ఉబ్బి పగులుతుంది. తిండి మానేది అందుకే. అయితే గోడ అడుగున మూలకణాలుంటాయి. దెబ్బతిన్న కణాలను పేగులోకి విదిల్చేసి, కొత్తవాటిని పుట్టిస్తాయి. పెద్ద పురుగు ఒంటికి అందిన మోతాదు చాలకపోతే మరమ్మతే గెలుస్తుంది.

ఈగలగది:
బ్యాక్టీరియా మీద పేగు తిరగబడే తీరు పండ్ల ఈగలో బాగా తేలింది. బ్యాక్టీరియా గోడలోని పెప్టిడోగ్లైకాన్ ముక్కలను పేగు కణం పైనున్న పీజీఆర్‌పీ-ఎల్‌సీ, లోపలున్న పీజీఆర్‌పీ-ఎల్‌ఈ అనే ప్రోటీన్లు పసిగడతాయి. దాంతో ఐఎమ్‌డీ అనే రక్షణ సంకేత మార్గం కదిలి, రెలిష్ అనే ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్లి డిప్టెరిసిన్ లాంటి, బ్యాక్టీరియాను చంపే పెప్టైడ్లను తయారు చేయిస్తుంది. రెండో ఆయుధం డ్యూఆక్స్ అనే ఎంజైము: హానికర బ్యాక్టీరియా వదిలే యురాసిల్ అనే పదార్థం తగిలితే అది చురుకైన ఆక్సిజన్ రూపాలను కక్కుతుంది. 2011లో నోబెల్ అందుకున్న జూల్ హాఫ్‌మన్ బృందం చూపిన టోల్ అనే మరో రక్షణ మార్గానికి పేగు మధ్యభాగంలో పెద్ద పాత్ర లేదు. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేవి ఈ రక్షణను అదుపులో ఉంచే బ్రేకులు. పీజీఆర్‌పీ-ఎల్‌బీ ఆ పెప్టిడోగ్లైకాన్ ముక్కలను కోసేస్తుంది, పిర్క్ అనే ప్రోటీన్ పీజీఆర్‌పీ-ఎల్‌సీని అణుస్తుంది. అవి లేకపోతే పేగులో కాపురముండే మామూలు బ్యాక్టీరియా మీద కూడా నిత్యం యుద్ధమే, నష్టం ఈగకే. ఇదంతా ఈగ సంగతి, లద్దె పురుగుకు యథాతథంగా అంటించకండి.

లాంబాట:
పొలంలో చేయాల్సింది వేళ పట్టుకోవడం. లింగాకర్షక బుట్టలు ఎకరాకు నాలుగు పెట్టి, గుడ్లు పగిలే సమయానికి కొట్టండి. ఎండకు బీటీ త్వరగా చెడుతుంది, సాయంత్రమే మేలు. పురుగు తింటేనే పని చేస్తుంది కాబట్టి ఆకు అడుగు కూడా తడవాలి. కాయలోకి దూరినదానికి మందు అందదు, ఏరి చంపాల్సిందే. బీటీలో కాపర్ మందులు గానీ, స్ట్రెప్టోసైక్లిన్ అనే యాంటీబయాటిక్ గానీ కలపొద్దు. బోరు నీళ్ల పీహెచ్ 8 దాటితే మందు పనితనం తగ్గొచ్చు, కలిపిన ద్రావణం అదే పూట వాడేయండి. పొగాకు లద్దె పురుగు మీద మాత్రం కుర్‌స్టాకి అంత బాగా పనిచేయదు, దానికి ఎన్‌పీవీ (పురుగులను చంపే వైరస్ మందు) చూడండి.

మిర్చిమడి_గుంటూరు:
అర్థమైందండీ. మా బోరు నీటి పీహెచ్ రేపే పట్టీతో చూస్తాం.