కోజీ మిస్టరీ పక్కన ఏం పెట్టుకోవాలి: నవలలోని వంటకమా, ఇంట్లో ఉన్న చేగోడీలా? (పాఠకుల చర్చ; ప్రతి మాట పైన ఉన్నది రాసినవారి మారుపేరు)

పుస్తకాల అటక

కోజీ మిస్టరీలు చదివేవాళ్లను ఒకటి అడగాలి: చదువుతూ ఏం తింటారు? కోజీ అంటే ఇలా ఉంటుంది: చిన్న ఊరు, బేకరీయో టీ కొట్టో నడిపే ఆవిడ, రక్తం కంటికి కనిపించని ఒక హత్య, పోలీసుల కంటే ముందు ఆవిడే ఆరా తీయడం. ఇలాంటి నవలల్లో చాలావాటికి మధ్యలోనో చివర్లోనో వంట విధానాలు కూడా ఇస్తారు. డయాన్ మాట్ డేవిడ్‌సన్ 1990లో మొదలుపెట్టిన కేటరింగ్ ఆవిడ కథలు అలాంటివే. 2021లో మియా మనన్సాలా ఫిలిప్పీన్స్ వంటలతో మొదలుపెట్టిన వరస కూడా అంతే.

కథ ఏ వంటకం చుట్టూ తిరుగుతుందో దాన్ని ఒకసారి చేతులారా చేసి, తింటూ చదవాలన్నది నా వాదన. రుచి కోసం కాదు, ఆధారాల కోసం. ఈ నవలల్లో గడియారం వంటింట్లోనే ఉంటుంది. ఒక పాత్ర "మూడింటికి స్కోన్ల (టీతో తినే బ్రిటిష్ బన్నుల) పిండి కలిపాను, ఐదింటికి ఓవెన్‌లో పెట్టాను, చక్కగా పొంగాయి" అందనుకోండి. తడి తగలగానే పిండిలో గ్యాస్ పుడుతుంది. రెండు గంటలు గట్టు మీద ఉంచితే అదంతా పోయి స్కోన్లు బిళ్లల్లా వస్తాయి. ఒక్కసారైనా చేసినవాళ్లకు ఆవిడ అబద్ధం అక్కడే దొరికిపోతుంది. చేగోడీలు నములుతూ చదివేవాళ్లకు అది మామూలు వాక్యమే.

చేగోడీల డబ్బా

అటక గారూ, మీరు చెప్పేది వంట నేర్చుకోవడం గురించి. చదువుతూ తినడం వేరే పని, దాని అవసరాలు వేరు. చేతికి జిడ్డు అంటకూడదు, ఒక ముక్క ఒకే నోటికి సరిపోవాలి, చల్లారినా పాడవకూడదు, చూడకుండా చెయ్యి చాపితే దొరకాలి. నవలల్లోని వంటకాల్లో ఇవన్నీ తీర్చేవి తక్కువ. మీరన్న ఆ ఫిలిప్పీన్స్ వరసలో అడోబో ఉంటుంది. పులుసు కారే కోడి ముక్కలు, వేడన్నం. అది చేత్తో కలుపుకుంటూ పేజీ ఎలా తిప్పుతారు?

మన చిరుతిళ్లు కూడా అన్నీ పనికిరావు. పూతరేకు విప్పగానే పంచదార పొడి పేజీల మధ్యకు జారుతుంది, రేకులోని నెయ్యి వేలికి అంటుతుంది. కాజా పాకం సంగతి చెప్పక్కర్లేదు. బాగా వేగి, రాత్రంతా కాగితం మీద ఆరిన చేగోడీ మంచిది, వేరుశనగ ఉండ ఇంకా మంచిది. మరమరాల మిక్చరైతే చిన్న గిన్నెలో పోసి చెంచాతో తినాలి.

లైబ్రరీ పుస్తకమైతే మరీ జాగ్రత్త. పాత బైండింగుల్లో వాడింది పిండి జిగురు. సిల్వర్‌ఫిష్ పురుగులు వచ్చేది దానికోసమే. మనం రాల్చిన పొడి వాటికి అదనపు భోజనం.

కొలత ముఖ్యం

ముందు అటక గారి ఉదాహరణను సరిచేయాలి. మజ్జిగ, వంటసోడా కలిపిన పిండి అయితే మీరన్నది నిజం. ఆ రెండూ కలిసిన క్షణం నుంచే గ్యాస్ పోతుంటుంది. కానీ ఇప్పటి డబుల్ యాక్టింగ్ బేకింగ్ పౌడర్ చాలా భాగం ఓవెన్ వేడికే పనిచేస్తుంది. ఆ పిండిని ఫ్రిజ్‌లో పెడితే రెండు గంటల తర్వాత కూడా బాగానే పొంగుతుంది. కాబట్టి పాత్ర పిండిలో ఏం వేసిందో చూడకుండా ఆవిడను దోషిని చేయకండి.

ఇక అసలు విషయం. ఈ వంటలు మన ఇళ్లలో చెడిపోతున్నాయంటే తప్పు వంటది కాదు, కొలతది. అమెరికన్ నవలలో కప్పు అంటే సుమారు 240 మిల్లీలీటర్లు, మన టీ కప్పు కాదు. ఒక కప్పు మైదా 120 నుంచి 125 గ్రాములు. కప్పును డబ్బాలో ముంచి నొక్కి తీస్తే అదే కప్పులో 150 దాకా పడుతుంది, బిస్కెట్ ఎండిపోతుంది. "ఒక స్టిక్ బటర్" అంటే 113 గ్రాములు. మన దగ్గర సులువుగా దొరికే బటర్ ఉప్పుది, అది వాడితే విధానంలోని ఉప్పు మానేయండి. 350 డిగ్రీలు అంటే ఫారెన్‌హీట్, మన ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్‌లో) 175 దగ్గర పెట్టాలి.

చాక్లెట్ చిప్ కుకీలు ఈ నవలల్లో తరచూ వస్తాయి కాబట్టి సగం కొలత ఇస్తున్నాను. మైదా 140 గ్రాములు, బటర్ 113, పంచదార 75, బ్రౌన్ షుగర్ 75, గుడ్డు ఒకటి, వంటసోడా అర టీస్పూను, చాక్లెట్ ముక్కలు 170. ఓటీజీ 190 దగ్గర, 9 నుంచి 11 నిమిషాలు. అంచు రంగు తిరిగి, మధ్యలో మెత్తగా ఉండగానే తీయాలి. ట్రే మీదే ఐదు నిమిషాలు ఉంచితే గట్టిపడతాయి.

మే నెలలో విజయవాడలో చేస్తే ఇవి పరుచుకుపోయి ఒకే అట్టవుతాయి. బటర్ గిలక్కొట్టేటప్పుడు వేలు నొక్కితే గుంట పడాలి గానీ మెరుపు కనిపించకూడదు. మెరిసిందంటే కరిగినట్టే, ఇక ఆ పిండిలో గాలి నిలవదు. పిండి కలిపాక గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచండి, రెండో వాయికి వేడి ట్రే వాడకండి. బ్రౌన్ షుగర్ లేకపోతే సగం పంచదార, సగం నల్లబెల్లం పొడి. బెల్లం తేమ లాగి ఉండకడుతుంది, జల్లించి వేయాలి.

పుస్తకాల అటక

బేకింగ్ పౌడర్ సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ చూడండి, మీ దిద్దుబాటు కూడా చేసిన అనుభవంలోంచి వచ్చిందే.

ఇంకో ఉదాహరణ చెప్తాను, ఇది నిజమైన నవలలోది. అగాథా క్రిస్టీ 1950లో రాసిన 'ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్‌డ్'లో ఒక పుట్టినరోజు చాక్లెట్ కేకు ఉంది. దాని ముద్దుపేరు 'డెలీషియస్ డెత్'. కథ చెప్పేసే భయంతో ఇంతకంటే చెప్పను. ఆ కేకులోకి బోలెడంత బటర్, పంచదార, చాక్లెట్, కిస్‌మిస్ కావాలని వంటావిడ చెప్పడం ఈనాటి పాఠకుడికి మామూలుగా అనిపిస్తుంది. అప్పటికి బ్రిటన్‌లో యుద్ధకాలపు రేషన్ ఇంకా ఎత్తేయలేదు. పంచదార మీద 1953లో, బటర్ మీద 1954లో తీసేశారు. ఆ కేకు చేయడానికి దినుసులు తూచి గిన్నెలో వేస్తుంటే, ఆ ఇంట్లో అన్ని వారాల రేషన్ ఒక్క పూటకు ఎందుకు ఖర్చు చేశారా అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. 2010లో క్రిస్టీ 120వ జయంతికి బ్రిటిష్ నటి, కేకుల నిపుణురాలు జేన్ ఆషర్ ఆ కేకుకు ఒక విధానం కూడా తయారుచేశారు.

సాయంత్రం టీ

బ్రిటిష్ కోజీల వరకు నేను అటక గారి పక్షం, స్కోన్ల విషయంలో మాత్రమే. వాటికి వాడే సెల్ఫ్ రైజింగ్ ఫ్లోర్ (బేకింగ్ పౌడర్ ముందే కలిపిన మైదా) మన కొట్లలో అరుదు. 225 గ్రాముల మైదాకు రెండున్నర టీస్పూన్ల బేకింగ్ పౌడర్ కలిపి మూడుసార్లు జల్లించండి. అందులో చల్లటి బటర్ 55 గ్రాములు వేళ్ల కొసలతో రవ్వలా అయ్యేదాకా నలపాలి, అరచెయ్యి తగలనివ్వకండి. పంచదార 25 గ్రాములు, పాలు 150 మిల్లీలీటర్లు. పాలు పోశాక చపాతీ పిండిలా పిసికారా, అంతే, రబ్బరు. ముద్దగా దగ్గరికి రాగానే ఆపి, రెండున్నర సెంటీమీటర్ల మందాన తట్టి, గుండ్రటి మూతతో, తిప్పకుండా నిలువునా నొక్కి కోయాలి. తిప్పితే అంచు అతుక్కుపోయి ఒక పక్కకు ఒరుగుతుంది. 220 డిగ్రీలు, 12 నుంచి 15 నిమిషాలు.

స్కోన్ల మీద రాసే చిక్కటి మీగడ, క్లాటెడ్ క్రీమ్ బదులు అట్టపెట్టెలో అమ్మే 25 శాతం క్రీమ్ కొనకండి, అది గడ్డకట్టదు. గేదె పాలు సన్నని సెగ మీద కాచి, కదపకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి తీసిన మీగడ దానికి చాలా దగ్గర. ఇంగ్లండ్‌లోని డెవన్‌లో మీగడ ముందు రాసి పైన జామ్ వేస్తారు, కార్న్‌వాల్‌లో జామ్ ముందు. ఆ ప్రాంతాల్లో నడిచే నవలలో ఎవరు ఏది ముందు రాశారో గమనించండి.

చేగోడీల డబ్బా

రేషన్ సంగతి చాలా బాగుంది, అది కాదనను. కానీ దానికి కేకు చేయనక్కర్లేదు, దినుసుల జాబితా చదివి ఆలోచిస్తే చాలు. వంట విధానం కోసం మధ్యలో చివరి పేజీలకు వెళ్లడంలో ఒక ప్రమాదం కూడా ఉంది. కొన్ని నవలల్లో ఆ వంటల పేర్లలోనూ, పైన రాసే రెండు ముక్కల్లోనూ ఎవరు బతికున్నారో, ఎవరు ఎవరికి వండారో తెలిసిపోతుంది. ఈ-బుక్కులో విషయసూచిక నొక్కితే ఇంకా తొందరగా. మిస్టరీలో ఆ ఉత్కంఠ ఒక్కటే పోకూడనిది.

కొలత ముఖ్యం

ఇది న్యాయమైన అభ్యంతరం. నేను పాటించే పద్ధతి: మొదటిసారి చదివేటప్పుడు పొడి చిరుతిండి, కథ ముగిశాక నవలలోని వంటకం, ఆ తర్వాత అది తింటూ ఆధారాలు దాచిన అధ్యాయాలు మళ్లీ. కోజీలు రెండోసారి చదివినప్పుడే రచయిత పనితనం కనిపిస్తుంది.

అడోబోకు ఒక మాట. కిలో కోడికి అర కప్పు వెనిగర్, అర కప్పు సోయా సాస్ అంటారు. అక్కడ వాడేది చెరకు, కొబ్బరి వెనిగర్లు. మన సింథటిక్ తెల్ల వెనిగర్ అంతే పోస్తే గొంతు పట్టేస్తుంది. గోవా కొబ్బరి వెనిగర్ దొరికితే అది తెచ్చుకోండి, లేదా తెల్లదాన్ని మూడోవంతు తగ్గించండి. పోశాక ఒక ఉడుకు వచ్చేదాకా మూత పెట్టకుండా, కలపకుండా వదలడం ఫిలిప్పీన్స్ ఆచారం. ఆ ఘాటు అలా విరుగుతుంది.

సాయంత్రం టీ

ఆ ఫిలిప్పీన్స్ వంటల్లో వచ్చే ఊబే అనే ఊదారంగు దుంప మనకెక్కడ?

పుస్తకాల అటక

మన పెండలం జాతే. గుజరాతీలు ఊంధియు అనే కూరలో వేసే ఊదారంగుది అడగండి, తెల్ల పెండలంతో రుచి వస్తుంది గానీ రంగు రాదు. పచ్చిది చెక్కు తీసేటప్పుడు చేతులకు నూనె రాసుకోండి, దురద పెడుతుంది. ఆవిరి మీద ఉడికించండి, నీళ్లలో వేస్తే రంగు నీళ్లలోకి దిగుతుంది. మెదిపాక బాండీలో పది నిమిషాలు తడి ఆరనిచ్చి అప్పుడు కుకీ పిండిలో కలపండి. తడి మిగిలితే కుకీ జారిపోతుంది.