పాత రాకెట్ ముక్కల మీద మన సొంత నిఘా అవసరమా?

సత్యనారాయణపురం, విజయవాడ:
అంతరిక్షంలో తిరిగే పాత రాకెట్, ఉపగ్రహ ముక్కల్లో పది సెంటీమీటర్లు దాటిన వాటి కక్ష్యలు చాలామటుకు అమెరికా వాళ్ల కేటలాగులో (పట్టికలో) ఉచితంగానే దొరుకుతున్నాయి. మరి ఇస్రో ‘నేత్ర’ పేరుతో వేరే రాడార్లు, టెలిస్కోపులు పెట్టడం దేనికండీ? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది. ఆ డబ్బేదో ఇటు పెట్టొచ్చుగా.

బ్రాడీపేట, గుంటూరు:
సింగ్ నగర్‌లో మా చెల్లెలి ఇల్లూ మునిగిందండీ, ఆ బాధ నాకు తెలుసు. కానీ మబ్బు పట్టి ఉన్నా వరదనీరు ఎక్కడిదాకా వచ్చిందో చూడగలిగేది ఈవోఎస్-04 లాంటి రాడార్ ఉపగ్రహమే. అది తిరిగేది 500 కి.మీ. పైచిలుకు ఎత్తులో, ఈ ముక్కల మధ్యనే.

ఇక ఉచిత కేటలాగు సంగతి. 2009 ఫిబ్రవరి 10న అమెరికా ఉపగ్రహం ఇరిడియం-33, పాడైపోయిన రష్యా ఉపగ్రహం కాస్మోస్-2251 దాదాపు 790 కి.మీ. ఎత్తులో ఢీకొన్నాయి. ఆ కేటలాగుతో వేసిన లెక్క అవి 584 మీటర్ల ఎడంగా పోతాయని చెప్పింది! అంత ఎత్తున కూడా పల్చగా గాలి ఉంటుంది, సూర్యుడి తీవ్రతను బట్టి అది ఉబ్బుతుంది. ఇంధనం అయిపోయి వదిలేసిన రాకెట్ దశ (రాకెట్‌లో ఒక భాగం) దొర్లుకుంటూ పోతుంటే ఆ గాలి దాన్ని ఒక్కోసారి ఒక్కోలా లాగుతుంది. మునిమాపు వేళ సీతానగరం ఘాట్ మీద నిలబడి చూడండి. కొన్ని సెకన్లకోసారి వెలిగి, మసకబారి, మళ్లీ వెలుగుతూ సాగే చుక్క కనిపిస్తే అది అలాంటిదే కావచ్చు. దాని దారి ఇవాళ లెక్కేసి వదిలేస్తే నాలుగు రోజులకే తేడా వస్తుంది.

2022లో ఏదీ ఢీకొనకుండా ఇస్రో తన ఉపగ్రహాలను 21 సార్లు పక్కకు జరిపింది. జరిపినప్పుడల్లా ఇంధనం ఖర్చు, ఆయుష్షు తరుగు. మన రాడారు మరోసారి చూసి ‘ఇది తగలదు’ అని తేల్చగలిగితే ఆ ఇంధనం మిగిలినట్టే.

తెనాలి:
చూడటం సరే, ముందు చెత్త వెయ్యకుండా ఉండాలి. 2001 అక్టోబరులో ఎగిరిన పీఎస్‌ఎల్‌వీ-సీ3 నాలుగో దశ డిసెంబరులో పగిలి వందల ముక్కలైంది. అదే పీఎస్‌ఎల్‌వీ-సీ58 చివరి దశను 650 నుంచి 350 కి.మీ.కు దించారు, 2024 మార్చిలో వాతావరణంలోకి వచ్చేసింది. నా ఓటు ఆ పనికి.

సత్యనారాయణపురం:
584 మీటర్ల మాట నన్ను ఆలోచనలో పడేసింది. అయినా శ్రీహరికోటలో రాడారు ఉందిగా, అది చాలదా?

బ్రాడీపేట:
దాని పరిధిలోంచి పోయేటప్పుడే కదండీ కనిపించేది! మిగతా చుట్టంతా మనకు చీకటే. తెనాలి గారూ, కొత్త చెత్త ఆపాలన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ సీ3 ముక్కలు కొన్ని ఇంకా పైనే తిరుగుతున్నాయి. మనం వదిలిన వాటి జాడైనా మనమే పట్టాలి, దానికి ఇంకొకరి పట్టిక మీద ఆధారపడటం నాకు సమ్మతం కాదు.