మగ్గం మీద కూర్చునేది నేను, పుస్తకంలో పేరు మా ఆయనది

పుట్టపాక కోడలు:
అక్కలకు, అన్నలకు నమస్తే. పెళ్లై ఈ ఊరికొచ్చి పద్నాలుగేళ్లు. వచ్చిన వారానికే మా అత్తమ్మ నన్ను ఆసు (నేతకు ముందు నూలు పోగును మేకుల చుట్టూ చుట్టే చట్రం) ముందు కూర్చోబెట్టింది. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9000 సార్లు అటూ ఇటూ తిరగాలి. రాత్రి అన్నం కలుపుకుందామంటే భుజం లేచేది కాదు. ఆసు మిషన్ కొన్నాకే ఆ నొప్పి తగ్గింది. రంగు అంటకూడని చోట పోగులకు సైకిల్ ట్యూబు ముక్కలతో చిటికి కట్టడం, కండెలకు నూలు చుట్టడం మాత్రం ఇప్పటికీ నా చేతి మీదే.

రెండేళ్ల కింద మా ఆయనకు నడుము పట్టేసింది. గుంట మగ్గంలో కూర్చోలేడు. అప్పటి నుంచి నేత కూడా నాదే. పేకలో (అడ్డపోగుల్లో) పువ్వు వచ్చి పడుగులో (నిలువు పోగుల్లో) పువ్వు మీద సరిగ్గా పడాలి. పోగంత జరిగినా ఆపి సర్దుతాను. పాప ఇంటర్ ఫీజు కట్టింది ఆ చీరలతోనే.

చేనేత సొసైటీలో సభ్యత్వం అడిగితే "ఇంటికొకటి చాలు కదమ్మా" అన్నారు. మజూరి, పొదుపు అన్నీ ఆయన పేరు మీదే. నా పేరు ఎక్కాలంటే ఏం చేయాలి?

కొయ్యలగూడెం అక్క:
చెల్లె, నోటిమాటగా అడగకు. దరఖాస్తు రాసి ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకో. కాదంటే ఆ మాటే కాగితం మీద ఇవ్వమను. ముందు నీ పేరు మీద నేత కార్మికుల గుర్తింపు కార్డు ఉందో లేదో చూసుకో. నాకు పని అయింది దానితోనే.

చౌటుప్పల్ తమ్ముడు:
2019-20 చేనేత గణనలో దేశం మొత్తం మీద 35.22 లక్షల మంది చేనేత కార్మికులు తేలితే, అందులో 25.46 లక్షల మంది ఆడవాళ్లే. కండెలు చుట్టేవాళ్లను కూడా కార్మికులుగానే లెక్కపెట్టారు. సొసైటీ వాళ్లకు ఈ లెక్క చూపించండి అక్కా. ఆసు మిషన్ చేసిన చింతకింది మల్లేశం గారు కూడా వాళ్లమ్మ భుజాల నొప్పి చూడలేకే కదా ఆ పనికి దిగింది!

పుట్టపాక కోడలు:
కార్డు ఉంది అక్కా, బీరువాలో చీరల అడుగున దొరికింది. ఫొటోలో నేను కొత్త పెళ్లికూతుర్ని. దరఖాస్తు పాపతో రాయిస్తున్నా. మగ్గం మీద ఇంకో మూర నేత మిగిలింది, అది కోసి సొసైటీలో ఇచ్చేరోజే కాగితం కూడా ఇస్తా.